లెంక దాలయ్య, వయసు పదమూడు

గుదే సత్యానందం మాస్టారు ముప్పై నాలుగేళ్ల కిందట హాజరు పట్టీలో ఒక పేరు మీద గీత గీయకపోవడం వల్ల, నలభై ఏడేళ్ల లెంక దాలయ్యను పదమూడేళ్ల బాలుడిగా నిర్ధారించి, ఒక మంగళవారం పదకొండు గంటలకు జిల్లా బాలుర గృహానికి అప్పజెప్పారు. తీసుకొచ్చిన కానిస్టేబులు రసీదు అడిగి తీసుకున్నాడు. రసీదు మీద "బాలుడు ఒకటి, మీసంతో" అని ఉంది.

సత్యానందం మాస్టారు చేసింది ఆయన ఒక్కడే చేసిన పని కాదు. దిబ్బలపాడు ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడో తరగతికి ఇరవై పేర్లుంటేనే రెండో మాస్టారి పోస్టు నిలుస్తుంది. ఆ ఏడాది అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక దాలయ్య తండ్రి బావి తవ్వుతుండగా గట్టు కూలి చనిపోయాడు. మర్నాటి నుంచి దాలయ్య బడికి రాలేదు. పేరు కొట్టేస్తే పంతొమ్మిది. మాస్టారు కొట్టెయ్యలేదు. తరవాత వచ్చిన ఏడుగురు హెడ్మాస్టర్లూ జూన్ రాగానే ఆ పేరును కొత్త పట్టీలోకి ఎక్కించి ఎదురుగా "చదువుతున్నాడు" అని రాస్తూ వచ్చారు. ఆ పైన కంప్యూటర్లు వచ్చాయి. ఏడో తరగతి వాడికి పదమూడేళ్లు దాటడాన్ని కంప్యూటరు ఒప్పుకోదు. మొదటిసారి ఎక్కించినప్పుడే అది దాలయ్య పుట్టినతేదీని ఒక్క దెబ్బకు ఇరవై ఏళ్లు ముందుకు జరిపింది. అప్పట్నుంచి ఏటా ఒక ఏడు జరుపుతోంది. ఆ లెక్కన దాలయ్య తన కూతురి కన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడు.

ఈ సంగతి అతనికి తెలియదు. బోరు మోటార్లు పైకి లాగి, బాగుచేసి, మళ్లీ దించుకుంటూ బతుకుతున్నాడు. వాళ్ల వీధికి తొమ్మిది రోజులు నీళ్లు రాకపోతే, పైపు రెంచితో ట్యాంకు దగ్గరి గది తాళం పగలగొట్టి వాల్వు తిప్పాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద కేసు అయింది. పెద్దవాళ్లకయితే అయిదువందలు జరిమానా. స్టేషన్లో అతని వివరాలు కంప్యూటరులో కొడితే "ఏడో తరగతి, చదువుతున్నాడు" అని వచ్చింది. వయసు తేల్చేటప్పుడు బడి రికార్డుంటే మరి దేన్నీ చూడకూడదని నియమం. మీసం, మోకాళ్ల నొప్పులు, మనవరాలు ఆ నియమంలో ఎక్కడా లేవు. ఏడో తరగతి గట్టెక్కేదాకా గానీ, మూడేళ్లు గానీ, ఏది ముందయితే అంతవరకు బాలుడిని సంస్కరించాలని ఉత్తర్వు అయింది.

"నాకు నలబై ఏడు సార్," అన్నాడు దాలయ్య.

"ఇక్కడికొచ్చిన ప్రతివాడూ వయసు విషయంలో అబద్ధమే చెప్తాడు," అన్నాడు సూపరింటెండెంటు భుజంగరావు, రిజిస్టరు లోంచి తలెత్తకుండా. "అందరూ తగ్గించి చెప్తారు, నువ్వు పెంచి చెప్తున్నావు. మీసం తీయించుకుని రా."

మీసం తీశారు. రెండు నిక్కర్లు, రెండు గళ్ల చొక్కాలు, ఒక పళ్లెం, ఒక గ్లాసు ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద నిక్కరు కూడా నడుముకు చాలకపోతే పక్క కుట్టు విప్పి తాడు కట్టుకోమన్నారు. ఎత్తు, బరువు చూసిన నర్సు "వయసుకు మించిన ఎదుగుదల" అని రాసి, నులిపురుగుల మాత్ర మింగించింది. పిల్లల మనసు కనిపెట్టే మేడమ్ వారానికోసారి వచ్చేది. ఆమె కాగితం ఇచ్చి మీ ఇంట్లో వాళ్లను బొమ్మ గీయమంది. దాలయ్య పెళ్లాన్ని, కూతురిని, అల్లుడిని, మనవరాలిని గీసి, కాగితంలో చోటు మిగిలితే ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు గీశాడు. మేడమ్ కింద ఇలా రాసింది: "తాను తాతనని భ్రమ. కనిపెట్టి ఉండవలెను. మోటారు బాగున్నది."

మొదటి ఆదివారం అతని భార్య పైడమ్మ చూడ్డానికి వచ్చింది. బాలుడికి ఏమవుతారో రాసే చోట ఆమె "భార్య" అని చెబితే గుమాస్తా కలం ఆపేశాడు.

"పదమూడేళ్ల కుర్రాణ్ణి పెళ్లాడినట్టు నువ్వే సంతకం పెడతావా అమ్మా? బాల్యవివాహం కేసు. నిన్ను ఇటు నుంచి ఇటే తీసుకుపోతారు."

"అయితే ఏటని రాయమంటావు బాబూ?"

"అప్ప అని రాయించు. వయసుకి సరిపోతుంది."

పైడమ్మ వేలిముద్ర వేసి, ఇరవై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషిని "తమ్ముడూ, తింటన్నావా?" అని పలకరించింది. పక్కన గార్డు ఉన్నాడు.

చదువు సంగతి. గృహంలో మాస్టారి పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. పది నుంచి ఒంటిగంట దాకా ముప్పై ఒక్కమంది బాలురు వరసల్లో కూర్చుని బల్ల వైపు చూస్తారు. దాన్ని చదువు గంట అంటారు. మధ్యాహ్నం వడ్రంగం. రంపం, ఉలి, సుత్తి, మేకు లోపలికి రాకూడదు గనుక ఇన్‌స్ట్రక్టరు వట్టి చేతులతో నేర్పుతాడు. బాలురు గాల్లో కోస్తారు, గాల్లో చిత్రిక పడతారు, గాల్లో మేకులు కొడతారు. అలా నలభై రెండు కుర్చీలు తయారై సరుకు పట్టీకి ఎక్కాయి. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు అందులో ఒక దాని మీద పావుగంట కూర్చుని టీ తాగి, వీపు దగ్గర ఇంకొంచెం వంపు ఉంటే బాగుంటుందని సలహా ఇచ్చి వెళ్లాడు. దాలయ్య ఒక్కడే ఆ కుర్చీలో కూర్చోలేక కింద పడ్డాడు. "ఏకాగ్రత లేదు" అని రాసుకున్నారు.

గరికిన ఎల్లాజీ పరిచయమైంది అలా కింద పడ్డప్పుడే. చెయ్యి అందించి లేపాడు.

"దెబ్బ తగిల్నాదేటి తాతా?"

"తాత కాదురా, తమ్ముడు అనాలి," అన్నాడు గార్డు. "ఆయనకి పదమూడు. నీకు పంతొమ్మిది."

ఎల్లాజీకి ఇంకా గొంతు మారలేదు. కోరపన్ను ఒకటి సగమే వచ్చింది. కేరమ్స్‌లో ఓడిపోతే మూలకు పోయి ఏడుస్తాడు. అమ్మానాన్నలు ఏటా బోట్ల పనికి గుజరాత్ తీరం పోయేవాళ్లు గనుక ఏ బడిలోనూ అతని పేరు పడలేదు. పడవలోంచి డీజిలు డబ్బా ఎత్తుకెళ్లాడని పట్టుకొచ్చారు. బడి కాగితం లేనివాడికి ఎముకల ఫొటో తీయాలి. తీస్తే పదిహేడుకూ ఇరవై ఒకటికీ మధ్య అని వచ్చింది. సగటు పంతొమ్మిది. ఎస్కార్టు దొరికిన రోజున పెద్దల జైలుకు పంపాలి. అప్పటిదాకా ఇక్కడ.

"పాలపళ్లు కూడా పూర్తిగా రాల్నేదు సార్ ఆడికి," అని దాలయ్య సూపరింటెండెంటుతో అన్నాడు.

"పన్ను కాగితం కాదు కదయ్యా," అన్నాడు భుజంగరావు. మాటలో విసుగు లేదు.

దాలయ్యకు చదువు మీద ప్రేమ ఏమీ లేదు. బయటపడాలంటే ఏడో తరగతి గట్టెక్కాలి కాబట్టి చదివాడు. పాత పుస్తకాలు తెప్పించుకుని చదువు గంటలో గోడకు చేరబడి గట్టిగా చదివేవాడు. లెక్కలు అతనికి ముందే తెలుసు. రెండువందల నలభై అడుగుల బోరుకు ఇరవై అడుగుల పైపులు ఎన్ని పడతాయో, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తే తొట్టి ఎంతసేపటికి నిండుతుందో ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు. పుస్తకంలో కూడా అదే తొట్టి. హిందీ మాత్రం కొరుకుడు పడలేదు. దాని మాటలకు అర్థాలు ఎల్లాజీ చెప్పాడు. గుజరాత్ బోట్ల మీద అందరూ హిందీయే మాట్లాడతారు. బదులుగా దాలయ్య వాడికి తెలుగక్షరాలు నేర్పాడు. మోటారు పేరున మ, పైపు పేరున ప, వాల్వు పేరున వ. మూడు వారాలకు వాడు కూడబలుక్కుని చదవసాగాడు. మొదట చదివిన కాగితం జేబులో మడిచి పెట్టుకున్న ఎముకల రిపోర్టు.

"పం-తొ-మ్మి-ది," అని చదివి, కాసేపు ఆగి, "తాతా, నాను పెద్దోణ్ణే అయిపోనానా?" అన్నాడు.

"ఎవుడు సెప్పినాడు?"

"ఇందల రాసుందిగా. నువ్వే కదా సదవడం నేర్పినావు."

దాలయ్య కాగితం మడిచి వాడి జేబులో పెట్టాడు. ఆ రోజు చదువు గంట అక్కడితో ఆపేశాడు.

పరీక్షలు జరిగాయి. లెక్కల్లో డెబ్బై తొమ్మిది, హిందీలో ఇరవై ఒకటి. ఇరవై వస్తే పాసు. బాలుర గృహం తెరిచాక అక్కడినుంచి ఏడో తరగతి గట్టెక్కిన మొదటి బాలుడు లెంక దాలయ్యే. భుజంగరావు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. నిక్కరుతో, బోసి మూతితో దాలయ్య దండ వేసుకున్న ఫొటో పేపర్లో పడింది. బాలుడిని వచ్చే సోమవారం దిబ్బలపాడు బడికి తిరిగి పంపవచ్చునని మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

దాని వెంటే తహసీల్దారు నోటీసు వచ్చింది. ఫొటో అక్కడా చూశారు. దాలయ్య పద్నాలుగేళ్ల కిందట, మోటార్లు దించగా మిగిల్చిన డబ్బుతో ఊరి వెనక మెట్ట కొన్నాడు. "కొనుగోలు తేదీ నాటికి కొనుగోలుదారుడు జన్మించి యుండలేదు గనుక సదరు రిజిస్ట్రేషను చెల్లదు" అని నోటీసు. ముప్పై రోజుల్లోగా వయసు సరిచేయించుకోకపోతే భూమి అమ్మినవారి వారసులకు పోతుంది.

వయసు సరవ్వాలంటే దారి ఒక్కటే. బడి టీసీ పుస్తకంలోంచి టీసీ కోసి ఇవ్వాలి. టీసీ కోస్తే బడిలో పేరు పోతుంది, పేరు పోతే కంప్యూటరు జరిపిన ఏళ్లన్నీ ఒక్కసారి వెనక్కి వస్తాయి. దాలయ్య మనిషవుతాడు. మెట్ట అతనిదవుతుంది. అయితే ఎవరు గీత గీయలేదో వారే గీయాలని విద్యాశాఖ సర్క్యులరు. అందుకని ఎనభై ఒక్కేళ్ల సత్యానందం మాస్టారు టీసీ పుస్తకం గుడ్డ సంచిలో పెట్టుకుని శనివారం మధ్యాహ్నం గృహానికి వచ్చాడు. ఆయుధం కిందికి వస్తుందని చేతికర్ర గేటు దగ్గరే ఉంచేసుకున్నారు. గోడ పట్టుకుని నడిచొచ్చాడు.

"దాలిగా, బాగున్నావురా?"

"ఒక్క గీత మాస్టారూ," అన్నాడు దాలయ్య. నిలబడే ఉన్నాడు. "ఒక్క గీత గియ్యడానికి మీకు సెయ్యి రానేదు. మా అయ్య సచ్చిపోనాడు. మర్నాడే నాను మట్టి తట్టలెత్తినాను. దాలిగాడు బళ్లోకి ఎందుకు రానేదని ఒక్కరైనా మా గుమ్మం తొక్కినారేటి?"

"రోజూ పిలిచేవాణ్ణిరా," అన్నాడు మాస్టారు. "హాజరప్పుడు లెంక దాలయ్యా అని పిలిచి, నేనే ప్రెజెంట్ వేసేవాణ్ణి."

"బళ్లో పిలిస్తే బావిలో ఉన్నోడికి ఇనపడుద్దేటి?"

మాస్టారు సంచిలోంచి టీసీ పుస్తకం తీసి ముందు పెట్టాడు. "కోసేస్తాను. నువ్వు పోతే పంతొమ్మిది. ఈ రోజుల్లో రెండో పోస్టుతో ఆగరు, బడే ఎత్తేసి నాలుగు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తారు. ఆ నాలుగు కిలోమీటర్లు నడవలేక సగంమంది మానేస్తారు, వాళ్లు ఎటు పోతారో నీకు నేను చెప్పాలా? అయినా కోస్తాను. తప్పు నాదే గదా. పుస్తకం ఇవాళ ఇక్కడే ఉంటుంది. రేపు మళ్లీ వస్తాను, సంతకం పెట్టు."

ఆ సాయంత్రమే ఎల్లాజీకి ఎస్కార్టు దొరికిందని కబురు వచ్చింది. సోమవారం పొద్దున్న పది గంటలకు జైలుకు.

ఆదివారం పైడమ్మ వచ్చింది. దాలయ్య మొత్తం చెప్పాడు. నోటీసు, టీసీ, పంతొమ్మిదికి పడిపోయే బడి, సోమవారం జైలుకు పోయే ఎల్లాజీ. ఆఖరున తన ఆలోచన చెప్పాడు. ఆమె కదలకుండా విని, గార్డు అటు తిరిగినప్పుడు గొంతు తగ్గించింది.

"అప్పని అడుగుతన్నావా, పెళ్లాన్ని అడుగుతన్నావా?"

"ఇద్దర్నీ."

"అప్పయితే సెంప పగలగొట్టును. ఆ మెట్టలో రాళ్లేరి నా సేతులు సూడు ఎలాగున్నాయో. పెళ్లానికైతే..." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ గుంటడు ఏటి తింటాడు? సేపలోల్ల గుంటడు, నీసు నేకపోతే ముద్ద దిగదేమో. ఎలగ పెంచాలి?"

"పెంచుతావా?"

"అప్పనని ఏలిముద్రేసినాను కదా. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకోవాలా, ఒద్దా?"

దాలయ్య సూపరింటెండెంటు గదికి వెళ్లాడు. ఎల్లాజీనీ, మాస్టారినీ వెంట తీసుకెళ్లాడు. విషయం వివరంగా చెప్పాడు. లెంక దాలయ్య అనే పదమూడేళ్ల బాలుడు రేపు బడికి పోవాలి. గరికిన ఎల్లాజీ అనే పంతొమ్మిదేళ్ల మనిషి రేపు జైలుకు పోవాలి. పదమూడేళ్లవాడూ పెద్దమనిషీ గదిలో సిద్ధంగానే ఉన్నారు. కాగితాల మీద ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, ఎవరి కాగితం ఎవరి చేతికివ్వాలో చూసి ఇస్తే చాలు.

భుజంగరావు రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. కొంచెంసేపటికి అతని ముఖం విప్పారింది. ఇన్నేళ్ల సర్వీసులో కాగితమూ మనిషీ ఒకదానికొకటి సరిపోవడం అతను మొదటిసారి చూస్తున్నాడు.

"ఫొటోలు?" అన్నాడు.

"బళ్లో ఫొటో లేదు," అన్నాడు మాస్టారు. "మా రోజుల్లో తీసేవాళ్లు కాదు."

"ఎల్లాజీది ఎముకల ఫొటో ఒక్కటే ఉంది," అన్నాడు భుజంగరావు. "ఎముకల్లో అందరూ ఒకలాగే ఉంటారు. పేపర్లో పడ్డ ఫొటో మన రికార్డు కాదు. ఒరే బాబూ, నీ పేరేమిటి?"

ఎల్లాజీ దాలయ్య వైపు చూశాడు. దాలయ్య తల ఊపాడు.

"లెంక దాలయ్య సార్. ఏడో తరగతి."

"ఎంత బాగా చెప్పాడు చూడండి మాస్టారూ. మొదటిసారి వచ్చినప్పుడు నలభై ఏడని అబద్ధమాడాడు. సంస్కరణ అంటే ఇదే," అని భుజంగరావు రెండు కాగితాల మీదా సంతకం పెట్టాడు. మాస్టారు కోయని టీసీ పుస్తకాన్ని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. టీసీ కోయనిదే పాసైనవాడైనా ఆ తరగతిలోనే ఉంటాడు. అందులో దిబ్బలపాడు బడికి ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉంది.

సోమవారం తొమ్మిదిన్నరకు పైడమ్మ తమ్ముణ్ణి తీసుకుని బస్సెక్కింది. పది గంటలకు గరికిన ఎల్లాజీని పెద్దల జైలుకు తరలించారు. నిక్కరు విప్పించి లుంగీ ఇచ్చారు. దాలయ్యకు నడుము దగ్గర ఎన్నాళ్లకో ఊపిరాడింది. ఇరవై ఎనిమిది రోజులకు కోర్టులో నిలబెట్టారు.

"గరికిన ఎల్లాజీ, పంతొమ్మిదేళ్లు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"అవునండి," అన్నాడు దాలయ్య. మీసం మళ్లీ వచ్చింది, సగం తెల్లగా.

మేజిస్ట్రేటు కాగితం చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ కాగితం చూసి సమాధానపడ్డాడు. "చిన్న వయసు. ముందు బోలెడు జీవితం ఉంది. డీజిలు డబ్బాల జోలికి పోకుండా ఏదైనా పని నేర్చుకో. మోటారు మెకానిజం లాంటిది. ఉన్న రోజులు చాలు, వదిలేస్తున్నాను."

దాలయ్య మర్నాడు పొద్దున్నే పంతొమ్మిదేళ్లవాడిగా బయటికొచ్చాడు. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి, అయినా జైలు గేటు దగ్గరినుంచి బస్టాండు దాకా ఆటో ఎక్కకుండా నడిచే పోయాడు. దిబ్బలపాడులో బస్సు దిగేసరికి పొద్దున్న తొమ్మిదిన్నర. తిన్నగా బడి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. లోపల హాజరు పిలుస్తున్నారు. ఆ వేళ పంతులు సెలవు పెడితే సత్యానందం మాస్టారు ఖాళీగా ఉన్నాడని పట్టీ ఆయన చేతికిచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని పంతొమ్మిది పేర్లు చదివాడు. ఇరవయ్యో పేరు దగ్గర అలవాటుగా తనే ప్రెజెంట్ వేయబోయి, చెయ్యి ఆపి, పిలిచాడు.

"లెంక దాలయ్యా!"

"ప్రెజెంట్ సార్!"

మారని గొంతు, గది దాటి వీధిలోకి వినబడింది. మాస్టారు కలం పెట్టలేకపోయాడు. పిల్లలు నవ్వారు. కుర్రాడు మళ్లీ లేచి నిలబడి, వినపడలేదేమోనని ఇంకా గట్టిగా "ప్రెజెంట్ సార్!" అన్నాడు. కిటికీ బయట నిలబడ్డ పంతొమ్మిదేళ్ల మనిషి ఊచలు పట్టుకుని, తన పేరు బడిలో పలకడం విన్నాడు.

బడి నిలిచింది. రెండో పోస్టు నిలిచింది. భుజంగరావుకు ఉత్తమ సేవా ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని గృహంలో తయారైన కుర్చీల్లో అన్నిటికన్నా మంచిదాని మీద కూర్చుని అందుకున్నాడు. కుర్రాడు ఏడో తరగతి వాచకం సగం దాకా వచ్చాడు. ఇంట్లో పైడమ్మను అప్పా అంటాడు, ఊళ్లో మోటార్లు చూసుకునే పెద్దాయన్ని, ఎవరూ సరిచేసేవాళ్లు లేరు గనుక, తాతా అంటాడు. దిబ్బలపాడులో అందరికీ అంతా తెలుసు. ఎవరూ ఏమీ అనరు. ఊళ్లో ఎవరి కాగితం తీసి చూసినా వయసూ మనిషీ ఇంతగా కలిసిన కుర్రాడు ఇంకొకడు లేడు.

నోటీసు గడువు ముగిసిన కొన్నాళ్లకు పెద్దాయన తహసీల్దారు కచేరీకి పోయి, ఆ మెట్ట సంగతి అడిగాడు. నీకూ దానికీ సంబంధమేమిటి ఎల్లాజీ అని అడిగారు. ఏమీ లేదండి అన్నాడు. అయితే విను అని ఉత్తర్వు చదివి వినిపించారు. పుట్టక ముందు కొన్న బాలుడి పేరు తీసివేసి, అమ్మినవారి వారసుల పేరున మార్చిన భూమి: దిబ్బలపాడు గ్రామం, సర్వే నంబరు నూట పన్నెండులో మూడు, మెట్ట, ఎకరా పదిహేడు సెంట్లు.